పాత ల్యాప్‌టాప్‌కు రికవరీ డిస్కులు: ఎక్కడ వెతకాలి, ఎందుకు మొరాయిస్తాయి

విండోస్ విస్టా, విండోస్ 7 రోజుల్లో, అంటే సుమారుగా 2007 నుంచి 2012 వరకు, అమ్ముడైన ల్యాప్‌టాప్‌లలో చాలావాటి పెట్టెల్లో విండోస్ డిస్కు ఉండేది కాదు. ఛార్జరు, బ్యాటరీ, వారంటీ కాగితాలు, ఒక పలుచని పుస్తకం, అంతే. డిస్కు ఏదని అడిగితే అంతా లోపలే ఉందన్న సమాధానం వచ్చేది. అది నిజమే. హార్డ్ డిస్కులో పది, పదిహేను జీబీల భాగాన్ని (పార్టిషన్‌ను) కంపెనీ వేరుచేసి, ఆ మోడల్‌కు సరిపడే విండోస్‌ను, డ్రైవర్లను (తెర, వైఫై వంటి భాగాలను నడిపే చిన్న ప్రోగ్రాములను), తన సొంత ప్రోగ్రాములను అందులో భద్రపరిచేది. కొత్త ల్యాప్‌టాప్‌ను మొదటిసారి ఆన్ చేసిన రోజుల్లో, రికవరీ డిస్కులు తయారు చేసుకోమని గుర్తుచేసే చిన్న విండో ఒకటి తెరుచుకునేది. ఖాళీ డీవీడీలు చేతిలో లేక, తర్వాత చూద్దామనుకొని చాలామంది దాన్ని మూసేశారు. పదేళ్లు దాటి, యంత్రం బూట్ కావడం మానేశాక ఆ డిస్కుల కోసం వెతుకులాట మొదలవుతుంది.

ఈ వెతుకులాటలో వచ్చే చిక్కుల్లో సగం, వేర్వేరు పనులు చేసే డిస్కులను ఒకటే అనుకోవడం వల్ల వస్తాయి. కంపెనీ ఇచ్చిన రికవరీ డిస్కుల సెట్టు ల్యాప్‌టాప్‌ను కొన్ననాటి స్థితికి తీసుకువెళ్తుంది. అందులో విండోస్‌తో పాటు ఆ మోడల్ డ్రైవర్లన్నీ ఉంటాయి. మైక్రోసాఫ్ట్ విండోస్ ఇన్‌స్టాలేషన్ డిస్కు ఏ కంపెనీ యంత్రానికైనా పనిచేస్తుంది కానీ డ్రైవర్లను మనమే సమకూర్చుకోవాలి. విండోస్ 7 లోపలినుంచే తయారుచేసుకోగల సిస్టమ్ రిపేర్ డిస్కు దెబ్బతిన్న బూట్‌ను బాగుచేస్తుందే తప్ప దానిలో విండోస్ ఉండదు. ఇక డ్రైవర్ డిస్కులో డ్రైవర్లే ఉంటాయి. ఇంటర్నెట్‌లో "రికవరీ డిస్క్" అన్న పేరుతో డబ్బు పెట్టి కొన్న తర్వాత అది కేవలం రిపేర్ డిస్కు అని తేలడం ఈ తేడా తెలియనందువల్లే జరుగుతుంది.

అసలు రికవరీ సెట్టులో మూడు విషయాలు ముడిపడి ఉంటాయి: విండోస్ ఫైళ్లు, లైసెన్సు, మోడల్ తనిఖీ. ఏది కావాలో, ఏది అడ్డుపడుతోందో విడదీసి చూస్తే, అసాధ్యమనిపించిన సందర్భాల్లో చాలావాటికి దారి దొరుకుతుంది. చాలామందికి నిజంగా కావలసింది ఆ మోడల్ కోసం కంపెనీ ముద్రించిన డిస్కు కాదని, చెల్లుబాటయ్యే లైసెన్సుతో నడిచే విండోస్, దానికి సరిపడే డ్రైవర్లు మాత్రమేనని నా అభిప్రాయం.

అయితే డిస్కు కోసం బయట వెతకడానికి ముందు యంత్రం లోపల వెతకాలి. విండోస్ ఇంకా తెరుచుకుంటుంటే డిస్కు భాగాలను చూపే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూడవచ్చు. తెరుచుకోకపోతే లైనక్స్ (విండోస్‌కు బదులు వాడే ఉచిత వ్యవస్థ) ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చూడవచ్చు. ఏసర్ యంత్రాల్లో ఈ భాగానికి పీక్యూ సర్వీస్ అన్న పేరు కనిపిస్తుంది. హెచ్‌పీలో రికవరీ అన్న పేరుతో డీ డ్రైవ్‌గా బయటికే కనిపించేది. థింక్‌ప్యాడ్‌లలో లెనోవో రికవరీ అన్న పేరుతో క్యూ అక్షరం పెట్టేవారు. మరికొన్నింటిలో పేరూ ఉండదు, డ్రైవ్ అక్షరమూ ఉండదు. పది జీబీకి పైబడిన ఒక అనామక పార్టిషన్ మాత్రం కనిపిస్తుంది. విండోస్ 7 తనంతట తాను సృష్టించుకునే 100 ఎంబీ "సిస్టమ్ రిజర్వ్‌డ్" భాగాన్ని చూసి ఇదే రికవరీ అని పొరబడకూడదు. దానిలో బూట్ ఫైళ్లు తప్ప మరేమీ ఉండవు.

పార్టిషన్ ఉంటే దానిని మేల్కొలిపే మీట కంపెనీని బట్టి మారుతుంది. హెచ్‌పీకి ఎఫ్11, అసుస్‌కు ఎఫ్9, సోనీ వయోకు ఎఫ్10, శాంసంగ్‌కు ఎఫ్4, ఏసర్‌కు ఆల్ట్‌తో కలిపి ఎఫ్10. డెల్‌లో విస్టాకు ముందటి విండోస్ ఎక్స్‌పీ కాలపు యంత్రాలకు కంట్రోల్, ఎఫ్11 కలిపి నొక్కాలి. విస్టా, 7 వచ్చాక ఎఫ్8 నొక్కి, కంప్యూటర్ రిపేర్ మెనూలోకి వెళ్లి ఫ్యాక్టరీ ఇమేజ్‌ను, అంటే కంపెనీ భద్రపరిచిన విండోస్ నకలును, ఎంచుకోవాలి. తోషిబాలో చాలా మోడళ్లకు సున్నా మీటను నొక్కిపట్టి పవర్ ఆన్ చేయాలి. లెనోవో ఐడియాప్యాడ్‌లలో పవర్ బటన్ పక్కన లేదా అంచున వంపు బాణం గుర్తుతో ఒక చిన్న బటన్ ఉంటుంది. యంత్రం ఆఫ్‌లో ఉండగా దాన్ని నొక్కాలి.

ఆ మీట నొక్కినా ఏమీ జరగకపోతే, పార్టిషన్ పోయిందని చాలామంది వెంటనే తేల్చేస్తారు. అది తొందరపాటు. చాలా మోడళ్లలో ఆ మీటను వినే చిన్న కోడు హార్డ్ డిస్కు మొట్టమొదటి సెక్టారులో, అంటే మాస్టర్ బూట్ రికార్డులో ఉంటుంది. ఎప్పుడో ఒకసారి మరో డిస్కుతో విండోస్ వేయించినా, ఉబుంటు అనే లైనక్స్‌ను పక్కన పెట్టుకున్నా ఆ సెక్టారు తిరిగి రాయబడుతుంది. రికవరీ ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి, పిలుపు వినేవారే ఉండరు. ఏసర్‌లో అయితే బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాములో) డీ2డీ రికవరీ అనే ఐచ్ఛికం ఆఫ్ అయి ఉన్నా అదే జరుగుతుంది. ఇలాంటప్పుడు పీక్యూ సర్వీస్ పార్టిషన్‌ను యాక్టివ్‌గా, అంటే బూట్ చేయవలసినదిగా, గుర్తించి పునఃప్రారంభిస్తే యంత్రం నేరుగా దానినుంచే బూట్ అవుతుంది. విండోస్‌లోని డిస్క్‌పార్ట్ కమాండ్‌తో ఈ మార్పు చేసేముందు ఏ పార్టిషన్ యాక్టివ్‌గా ఉందో కాగితం మీద రాసిపెట్టుకోవాలి. లేకపోతే వెనక్కి వచ్చే దారి మళ్లీ వెతుక్కోవలసి వస్తుంది.

మన దగ్గర ఎక్కువగా జరిగే మరో నష్టం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కొత్త ల్యాప్‌టాప్ తేగానే సీ డ్రైవ్ ఒక్కటే పెద్దగా ఉండటం నచ్చక, డీ, ఈ అని విడగొట్టించుకోవడం ఇక్కడి అలవాటు. ఆ కాలపు డిస్కుల్లో వాడే ఎంబీఆర్ (మాస్టర్ బూట్ రికార్డు) పద్ధతిలో ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకు మించకూడదు. హెచ్‌పీ వంటి కంపెనీలు సిస్టమ్, సీ, రికవరీ, టూల్స్ అంటూ ఆ నాలుగింటినీ ముందే వాడేసిన మోడళ్లు చాలా ఉన్నాయి. అప్పుడు ఐదోది సృష్టించబోతే, డిస్కును డైనమిక్ అనే వేరే పద్ధతికి మారుస్తానని విండోస్ అడుగుతుంది. సరేనని ఒక్క క్లిక్ చేస్తే పార్టిషన్ల పట్టిక స్వరూపమే మారిపోతుంది. ఆ తర్వాత కంపెనీ రికవరీ ప్రోగ్రాము దాన్ని గుర్తించలేదు. మరికొన్ని చోట్ల విడగొట్టే పనిలో ఖాళీ కోసం రికవరీ పార్టిషన్‌నే తొలగించేవారు. ఎఫ్11 పనిచేయని యంత్రం చేతికి వస్తే, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో "డైనమిక్" అన్న మాట ఉందో లేదో మొదట చూడటం మంచిది.

రికవరీ దొరికినా దొరకకపోయినా, దాన్ని నడపడానికి ముందు డిస్కు మొత్తానికి ఒక నకలు తీయాలి. ఇది వాయిదా వేయదగిన పని కాదు. రికవరీ పార్టిషన్ నుంచి నడిపితే కొన్ని మోడళ్లు సీ డ్రైవ్‌ను మాత్రమే చెరిపి రాస్తాయి. డిస్కుల నుంచి నడిపితే చాలావరకు మొత్తం పార్టిషన్ పట్టికనే కొత్తగా రాస్తాయి. డీ డ్రైవ్‌లో పెట్టుకున్నాం కాబట్టి పెళ్లి ఫోటోలకు ఏమీ కాదన్న నమ్మకం ఇక్కడ చెల్లదు. డిస్కు ఆరోగ్యంగా ఉంటే క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రాముతో నకలు తీయవచ్చు. టకటకమని శబ్దం వస్తున్నా, డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ వివరాల్లో పెండింగ్ సెక్టార్ల (చదవలేకపోతున్న భాగాల) సంఖ్య పెరుగుతున్నా డీడీరెస్క్యూ వాడాలి. అది చదవగలిగిన భాగాలను ముందుగా తీసుకొని, మొండికేసిన భాగాల దగ్గరికి తర్వాత తిరిగి వస్తుంది. రికవరీ పార్టిషన్‌ను విడిగా కూడా కాపీ చేసి ఉంచుకోవాలి.

తెలుగు డీటీపీ పని చేసేవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు ఉన్న ఎక్స్‌పీ యంత్రాలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అను ఫైళ్లు యూనికోడ్ (ఏ యంత్రంలోనైనా ఒకేలా చదవగల అక్షర పద్ధతి) కావు. ఆ ఫాంట్లు, ఆ ప్రోగ్రాము లేని యంత్రంలో అవి అర్థంకాని అక్షరాల గుంపుగా కనిపిస్తాయి. కాబట్టి పాత యంత్రాన్ని ఉన్నదున్నట్టుగా బతికించుకోవాలన్న కోరిక చాదస్తం కాదు. యూనికోడ్ తెలుగు విషయంలోనూ ఎక్స్‌పీకి ఒక మెలిక ఉంది. గౌతమి ఫాంటు ఎక్స్‌పీతోనే వచ్చినా, రీజినల్ సెట్టింగ్స్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ సదుపాయాన్ని విడిగా ఎక్కించేదాకా గుణింతాలు, ఒత్తులు సరిగా కుదరవు. దాన్ని ఎక్కించబోతే ఎక్స్‌పీ సీడీ పెట్టమంటుంది. సీడీ లేని ల్యాప్‌టాప్‌లలో సీ డ్రైవ్‌లోనే ఐ386 అనే ఫోల్డరును కంపెనీలు తరచుగా ఉంచేవి. సీడీ అడిగినప్పుడు ఆ ఫోల్డరు దారి చూపిస్తే సరిపోతుంది.

లోపల ఏమీ మిగలలేదని ఖాయమైతే అప్పుడు బయట వెతకాలి. ఇక్కడ మోడల్ పేరు మాత్రమే పట్టుకొని వెళ్తే పని జరగదు. పెవిలియన్ డీవీ6 అనో, ఇన్‌స్పైరాన్ 1525 అనో మూత మీద ఉండే పేరు ఒక కుటుంబానికి చెందినది. ఆ పేరుతోనే వేర్వేరు మదర్‌బోర్డులు, వేర్వేరు గ్రాఫిక్స్ ఉన్న యంత్రాలు అమ్ముడయ్యాయి. హెచ్‌పీలో ప్రోడక్ట్ నంబరు, డెల్‌లో సర్వీస్ ట్యాగ్, థింక్‌ప్యాడ్‌లో మెషీన్ టైప్ కావాలి. ఇవి అడుగుభాగాన అంటించిన స్టిక్కరు మీద, లేదా బ్యాటరీ తీస్తే ఆ గూటిలో ఉంటాయి. స్టిక్కరు చెరిగిపోయి ఉంటే బయోస్ తెర మీద కూడా చాలావరకు దొరుకుతాయి. ఆ కాలపు యంత్రాలకు డిస్కులు పంపే ఏర్పాటును తయారీ సంస్థలు చాలావరకు ఆపేశాయి. డెల్, హెచ్‌పీ, లెనోవో ఇప్పుడు అందిస్తున్న డౌన్‌లోడ్ రికవరీ సాధనాలు ప్రధానంగా ఇటీవలి మోడళ్ల కోసం ఉద్దేశించినవి. మిగిలేది పాత వస్తువులు అమ్మే వ్యాపారులు, అదే మోడల్ ఉన్న స్నేహితులు. అలా తీసుకునేటప్పుడు ప్రోడక్ట్ నంబరు, విండోస్ ఎడిషన్, 32 బిట్లా 64 బిట్లా అన్నవి మూడూ సరిపోవాలి. ఇంట్లో రాసిన డిస్కుల కంటే కంపెనీ ముద్రించిన డిస్కులు మేలు. ఎవరో తెలియనివారు ఎక్కించిన రికవరీ ఇమేజ్‌ను, అందులో ఏం కలిపారో తెలియకుండా, ఇంటి యంత్రంలో నడపడాన్ని నేను సమర్థించలేను.

డిస్కులు దొరికాక అవి పనిచేయకపోతే, కారణం మూడు చోట్లలో ఒకచోట ఉంటుంది: డిస్కులో, దాన్ని చదివే డ్రైవ్‌లో, రాయించుకునే యంత్రంలో. అసలు బూటే కాకపోతే బూట్ మెనూలో డీవీడీ డ్రైవ్‌ను ఎంచుకున్నారో లేదో చూడాలి. స్నేహితుడి దగ్గర తెచ్చిన ఐఎస్ఓ ఫైలును (డిస్కు మొత్తం నకలును) డిస్కుపై మామూలు ఫైలులా కాపీ చేస్తే అది బూట్ కాదు. దాన్ని ఇమేజ్‌గా రాయాలి. డిస్కును మరో కంప్యూటర్లో తెరిచినప్పుడు లోపల చాలా ఫైళ్లకు బదులు ఒకే ఒక పెద్ద ఫైలు కనిపిస్తే జరిగిన పొరపాటు అదేనని అర్థం.

మొదటి డిస్కు సజావుగా నడిచి, రెండోదో మూడోదో ఒకే శాతం దగ్గర ప్రతిసారీ ఆగిపోతే డిస్కును అనుమానించాలి. ఇంట్లో రాసిన డీవీడీలో సమాచారం ఒక రంగు పొర మీద ఉంటుంది. వేడికి, వెలుతురుకు ఆ పొర క్రమంగా పాడవుతుంది. మెత్తని గుడ్డతో మధ్యనుంచి అంచువైపు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పి తుడవకూడదు; గీత ట్రాక్ వెంట పడితే డ్రైవ్ దాన్ని సరిదిద్దుకోలేదు. ఆ తర్వాత డిస్కును వేరే కంప్యూటర్లో ఐఎస్ఓగా తీసి, కొత్త డిస్కు మీద తక్కువ వేగంతో రాసి ప్రయత్నించాలి. ప్రతిసారీ వేర్వేరు చోట్ల ఆగిపోతుంటే మాత్రం డిస్కును వదిలి డ్రైవ్ లెన్సును, ర్యామ్‌ను చూడాలి. లెన్సు మసకబారిన పాత డ్రైవ్‌కు బదులు యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ పెట్టి చూడటం తేలిక. ర్యామ్‌కు మెమ్‌టెస్ట్ ఒక రాత్రంతా నడిపితే సంగతి తెలుస్తుంది. ఫైళ్లు విప్పేటప్పుడు వచ్చే లోపాలకు చెడిన ర్యామ్ కారణమని చాలామందికి తట్టదు.

డిస్కులన్నీ బాగున్నా, ఈ కంప్యూటరుకు ఇవి సరిపోవన్న సందేశం వస్తే అది మోడల్ తనిఖీ. రికవరీ ప్రోగ్రాము బయోస్‌లో రాసి ఉన్న కంపెనీ పేరును, ప్రోడక్ట్ నంబరును చదివి పోల్చుకుంటుంది. బయట మదర్‌బోర్డు మార్పించిన యంత్రాల్లో ఆ గడులు ఖాళీగా మిగిలిపోవడం తరచుగా కనిపిస్తుంది. అసలు డిస్కులే పెట్టినా యంత్రం తనను తాను నిరూపించుకోలేదు. ఆ వివరాలను తిరిగి రాసే సాధనం సర్వీస్ సెంటర్ల దగ్గర ఉంటుంది. మరో దారి కూడా ఉంది: విస్టా తర్వాతి రికవరీ సెట్లలో చాలావాటిలో విండోస్ మొత్తం ఒక విమ్ ఫైలుగా గానీ, ముక్కలు చేసిన స్విమ్ ఫైళ్లుగా గానీ ఉంటుంది. విండోస్ 10 పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్మ్ అనే కమాండ్ ద్వారా ఆ ఇమేజ్‌ను సీ డ్రైవ్‌పైకి విప్పి, బీసీడీబూట్ కమాండ్‌తో బూట్ ఫైళ్లు రాయిస్తే కంపెనీ ప్రోగ్రాము ప్రమేయం లేకుండానే పని పూర్తవుతుంది. కొన్ని కంపెనీలు తాళం వేసిన సొంత ఫార్మాట్లు వాడాయి. అక్కడ ఈ మార్గం నడవదు.

డిస్కు మార్పిడి మరో అడ్డంకి. 320 జీబీ హార్డ్ డిస్కు తీసి 240 జీబీ ఎస్ఎస్‌డీ పెడితే, పాత డిస్కు కంటే చిన్నది కాబట్టి కొన్ని రికవరీ ప్రోగ్రాములు మొదట్లోనే ఆగిపోతాయి. ఎక్స్‌పీ అయితే నీలి తెర మీద 7బి అని ముగిసే కోడు చూపిస్తుంది. దానికి కారణం హార్డ్ డిస్కును కలిపే సాటా కంట్రోలర్ డ్రైవర్ ఎక్స్‌పీలో లేకపోవడం. బయోస్‌లో సాటా మోడ్‌ను ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారిస్తే చాలావరకు తీరుతుంది. విండోస్ 7 సెటప్ "సీడీ, డీవీడీ డ్రైవర్ లేదు" అని చెబితే ఆ మాటను అక్షరాలా తీసుకోకూడదు. పెన్‌డ్రైవ్ నీలిరంగు యూఎస్‌బీ 3 పోర్టులో ఉండటమో, డిస్కు సరిగా రాయబడకపోవడమో దానికి తరచుగా కారణమవుతుంది. పెన్‌డ్రైవ్‌ను నల్లరంగు పోర్టులోకి మార్చి చూడాలి.

ఇక లైసెన్సు. విండోస్ 7 ల్యాప్‌టాప్ అడుగున ఉన్న స్టిక్కరు మీద 25 అక్షరాల కీ ఉంటుంది. కానీ కంపెనీ వేసిన విండోస్ ఆ కీతో నడవదు. లక్షల యంత్రాలకు ఉమ్మడిగా వాడిన వేరే కీ, బయోస్‌లో కంపెనీ లైసెన్సు గుర్తు ఉండే స్లిక్ పట్టిక, ఇమేజ్‌లోని ఒక సర్టిఫికెట్ ఫైలు, ఈ మూడూ కలిసినప్పుడు ఇంటర్నెట్ లేకుండానే యాక్టివేట్ అవుతుంది. కీ చూపించే ప్రోగ్రాములు నడుస్తున్న విండోస్ నుంచి బయటికి తీసేది ఆ ఉమ్మడి కీనే. దాన్ని రాసుకొని, తర్వాత మామూలు డిస్కుతో వేసిన విండోస్‌కు ఇస్తే తిరస్కరిస్తుంది. అక్కడ ఇవ్వవలసింది స్టిక్కరు మీది కీ. అది అదే ఎడిషన్‌కు చెందిన మామూలు డిస్కుతో, 32 బిట్లకైనా 64 బిట్లకైనా, సరిపోతుంది. అడుగున చెమటకు, రాపిడికి అక్షరాలు చెరిగిపోతాయి కాబట్టి ఈ రోజే దాన్ని ఫోటో తీసి ఉంచుకోవడం మంచిది. విండోస్ 8 నుంచి కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోకే వెళ్లింది. సెటప్ దాన్ని తనంతట తానే చదువుకుంటుంది. విండోస్ 7 కీతో 10ని యాక్టివేట్ చేసే వెసులుబాటును మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో ముగించింది. అంతకుముందే 10 యాక్టివేట్ అయిన యంత్రాలకు ఆ హక్కు అలాగే ఉంటుంది.

అంతా సవ్యంగా జరిగి పాత తెర తిరిగి వచ్చాక మరో సమస్య ఎదురవుతుంది: బ్రౌజరులో ఏ సైటూ తెరుచుకోదు. మొదట గడియారం చూడాలి. బయోస్ గడియారాన్ని నడిపే చిన్న బిళ్ల బ్యాటరీ ఎండిపోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది, ఆ తేదీకి ఏ సైటు సర్టిఫికెట్టూ చెల్లదు. తేదీ సరిచేసినా తెరుచుకోకపోతే, ఆ విండోస్ పాతదనమే కారణం. 2009, 2010 నాటి ఇమేజ్‌లో 2011లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1 ఉండదు. దాన్ని వేసి, ఆ తర్వాత కేబీ4490628, కేబీ4474419 అనే రెండు అప్‌డేట్లు వేస్తే తప్ప 2019 తర్వాతి అప్‌డేట్లను విండోస్ 7 స్వీకరించదు. ఈ ఫైళ్లను, వైఫై, ల్యాన్ డ్రైవర్లను వేరే కంప్యూటర్లో ముందే దించి పెన్‌డ్రైవ్‌లో సిద్ధంగా పెట్టుకోవాలి. నెట్‌వర్క్ డ్రైవర్ లేనిదే మిగతావి దించుకునే మార్గం ఉండదు. బ్రౌజర్లలో క్రోమ్ 109వ వెర్షన్ తర్వాత విండోస్ 7ను వదిలేసింది. ఫైర్‌ఫాక్స్‌లో 115 ఈఎస్ఆర్ (దీర్ఘకాల మద్దతు) శాఖ చివరిది.

మైక్రోసాఫ్ట్ భద్రతా అప్‌డేట్లు ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కు 2020 జనవరిలో ఆగిపోయాయి. అందువల్ల ఇలా బతికించిన యంత్రాన్ని పాత ఫైళ్లు తెరవడానికి, పాత ప్రింటరు నడపడానికి, డీటీపీ పనికి వాడుకోవచ్చు కానీ బ్యాంకు ఖాతా తెరవడానికి వాడకూడదు. ఇంటర్నెట్టే ప్రధాన అవసరమైతే రికవరీ డిస్కుల వేట మానుకొని లైనక్స్ మింట్ లాంటిది వేసుకోవడం మేలు. రెండు జీబీల ర్యామ్ ఉన్న 64 బిట్ల యంత్రం మీద దాని తేలికపాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపం నడుస్తుంది. ప్రాసెసర్ 32 బిట్లదే అయితే డెబియన్ 12 అనే లైనక్స్‌ను ఎంచుకోవాలి, ఎందుకంటే 2025లో వచ్చిన 13వ వెర్షన్‌కు ఆ తరగతి యంత్రాల కోసం ఇన్‌స్టాలరును ఇవ్వడం మానేశారు.